కేసు పోయాక మిగిలే రికార్డు

భారతదేశంలో నేర చరిత్రను ఒక్క దెబ్బతో చెరిపేసే చట్టం లేదు. బ్రిటన్‌లో 1974 నుంచి అలాంటి చట్టం ఉంది. శిక్ష పడిన మనిషి నిర్ణీత కాలం మళ్లీ నేరం జోలికి పోకుండా ఉంటే, చాలా ఉద్యోగాల దగ్గర ఆ పాత శిక్షను లేనట్టే లెక్కగడతారు. అమెరికాలోనూ పలు రాష్ట్రాల్లో కోర్టుకు దరఖాస్తు పెట్టి పాత రికార్డును మూయించుకునే వీలుంది. మన దేశంలో అందుకు ఒక దరఖాస్తు ఫారం గానీ, ఒక కార్యాలయం గానీ లేవు. ఉన్న దారులన్నీ వేర్వేరు చట్టాల్లో చెల్లాచెదురుగా ఉన్నాయి. ఎవరికి ఏ దారి పనికొస్తుందన్నది కేసు ఏ దశలో ఉందన్న దాన్ని బట్టి తేలుతుంది. తొలి దశలో సులువుగా దొరికే ఉపశమనం తీర్పు వచ్చాక దుర్లభమవుతుంది.

రికార్డు అని జనం ఒకే మాట వాడతారు గానీ, ఆ కాగితాలు ఒక్కచోట ఉండవు. పోలీస్ స్టేషన్‌లో క్రైమ్ నంబరుతో ఎఫ్ఐఆర్ ఉంటుంది. అది దేశమంతా కలిపిన పోలీసు కంప్యూటర్ వ్యవస్థ సీసీటీఎన్ఎస్‌లోకి ఎక్కుతుంది. ఛార్జిషీటు దాఖలయ్యాక కోర్టులో కేసు నంబరు పడుతుంది. ఆ నంబరు కొడితే ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో వాయిదాల తేదీలతో సహా ఎవరికైనా కనబడుతుంది. వేలిముద్రలు ఇంకోచోట, రౌడీ షీటు ఉంటే అది మరోచోట. సున్నితమైన కేసులు మినహా ఎఫ్ఐఆర్‌లన్నీ 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. తన మీద ఏం రాశారో నిందితుడికి వెంటనే తెలియాలన్న మంచి ఉద్దేశంతో వచ్చిన ఆదేశమది. అయితే ఎక్కించడానికి గంటల లెక్కన గడువు ఉంది గానీ, కేసు తేలిపోయాక దించడానికి అలాంటి గడువేదీ లేదు.

తొలి దశ పోలీసు దర్యాప్తు. ఫిర్యాదు అబద్ధమని గానీ, పొరపాటు పడి పెట్టిందని గానీ, సాక్ష్యం చాలదని గానీ తేలితే దర్యాప్తు అధికారి ఛార్జిషీటు వేయకుండా తుది నివేదికతో కేసు మూసేస్తాడు. స్టేషన్ భాషలో దీన్ని ‘మిస్టేక్ ఆఫ్ ఫ్యాక్ట్’ అనో, ‘లాక్ ఆఫ్ ఎవిడెన్స్’ అనో రాస్తారు. ఆ నివేదికను మేజిస్ట్రేట్ ఆమోదించాలి. అంతకుముందు ఫిర్యాదికి నోటీసు వెళ్లాలి. అతను అభ్యంతరం చెబుతూ ప్రొటెస్ట్ పిటిషన్ వేసుకోవచ్చు. చాలామంది ‘కేసు తీసేశాం’ అని ఎస్సై నోటిమాటగా చెప్పగానే ఇంటికి వెళ్లిపోతారు. మేజిస్ట్రేట్ ఆమోదించిన ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ చేతిలో లేకపోతే, ఎన్నో ఏళ్ల తర్వాత పాస్‌పోర్టు వెరిఫికేషన్‌లో ఆ క్రైమ్ నంబరు మళ్లీ తల ఎత్తుతుంది.

దర్యాప్తు సాగుతున్నా, ఛార్జిషీటు పడినా హైకోర్టు తలుపు తట్టే దారి ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 482వ సెక్షన్‌గా పేరుబడ్డ ఈ అధికారం, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 528వ సెక్షన్ అయింది. వకీళ్లు క్వాష్ పిటిషన్ అనేది దీన్నే. ఏయే కేసులు కొట్టేయదగినవో హర్యానా రాజకీయ నాయకుడు భజన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు ఏడు రకాలుగా చెప్పింది. ఫిర్యాదులో రాసిందంతా నిజమే అనుకున్నా నేరం కాకపోవడం, ఆరోపణ బొత్తిగా నమ్మశక్యం కాకపోవడం, కక్షతో పెట్టిందని స్పష్టంగా కనబడడం వాటిలో కొన్ని. సాక్ష్యం బలంగా ఉందా, బలహీనంగా ఉందా అన్న తూకం ఇక్కడ జరగదు, అది విచారణ కోర్టు పని. ఈ తేడా తెలియక వేసిన పిటిషన్లే ఎక్కువగా తిరిగొస్తాయి.

రాజీ మరో దారి. చిన్న దెబ్బలు, పరువు నష్టం, కొన్ని రకాల మోసం వంటి నేరాల్లో ఇరుపక్షాలూ కోర్టులో రాజీ పడవచ్చని సంహిత 359వ సెక్షన్ పట్టిక చెబుతుంది. కొన్నింటికి కోర్టు అనుమతి కావాలి, కొన్నింటికి అక్కర్లేదు. రాజీ నమోదైతే దాని ఫలితం నిర్దోషిగా విడుదలతో సమానం. లోక్ అదాలత్‌లో తేలే క్రిమినల్ కేసులు కూడా ఈ పట్టికలోనివే. రాజీకి వీల్లేని నేరాన్ని ముట్టుకునే అధికారం లోక్ అదాలత్‌కు లేదు.

తెలుగునాట ఈ పట్టికకు ఒక ప్రత్యేక చరిత్ర ఉంది. భర్త, అత్తమామల వేధింపుల మీద పాత శిక్షాస్మృతి కింద పెట్టే 498-ఎ కేసులో దేశంలో చాలాచోట్ల కింది కోర్టులో రాజీ కుదిరేది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లో చట్టం సవరించి, కోర్టు అనుమతితో ఆ నేరాన్ని రాజీ పట్టికలో చేర్చింది. ఒక షరతు కూడా పెట్టింది. రాజీ కోరిన రోజు నుంచి కనీసం మూడు నెలలు ఆగాలి, ఆలోగా ఎవరూ మనసు మార్చుకోకూడదు. ఒత్తిడికి లొంగి భార్య సంతకం పెట్టే ప్రమాదాన్ని ఊహించి పెట్టిన గడువు అది. తెలివైన ఏర్పాటే. కానీ ఆ సవరణ పాత కోడ్‌కు చేసింది. కొత్త సంహిత పట్టికలో ఈ నేరం లేదు. పట్టికలో లేని నేరాల్లో రాజీ పడ్డవాళ్లు హైకోర్టుకే వెళ్లాలి. వ్యక్తుల మధ్య వివాదాల్లో నిజంగా రాజీ కుదిరితే హైకోర్టు కేసును కొట్టేయవచ్చని 2012లో జ్ఞాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. హత్య, అత్యాచారం, దోపిడీ, ప్రభుత్వోద్యోగి అవినీతి వంటివి ఎంత రాజీ పడ్డా ఈ వెసులుబాటులోకి రావు.

కేసు పెట్టిన ప్రభుత్వమే దాన్ని ఉపసంహరించుకోవడం ఇంకో పద్ధతి. తెలంగాణ ఉద్యమ కాలంలో విద్యార్థులపై పెట్టిన అనేక కేసులు రాష్ట్రం ఏర్పడ్డాక అలాగే పోయాయి. రైల్వే చట్టంతో ముడిపడిన రైల్‌రోకో కేసులు మాత్రం ఆ తర్వాతా చాలా ఏళ్లు నడిచాయి. ప్రభుత్వం జీవో ఇస్తే సరిపోదు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ తన బుర్ర ఉపయోగించి పిటిషన్ వేయాలి, కోర్టు ఒప్పుకోవాలి. కేరళ శాసనసభలో 2015 నాటి రభస కేసును ఉపసంహరించుకుంటామంటే 2021లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. కొత్త సంహిత ప్రకారం బాధితుడి మాట వినకుండా కోర్టు అనుమతి ఇవ్వకూడదు.

ఇన్ని దారులున్నా, రికార్డు ఎక్కువగా తయారయ్యేది ఎవరూ పట్టించుకోని చోట, పెట్టీ కేసుల కోర్టులో. తాగి బండి నడిపిన కుర్రాడికి ‘తప్పు ఒప్పుకుంటే ఫైన్‌తో పోతుంది, లేదంటే వాయిదాలకు తిరగాలి’ అని పక్కనున్నవాళ్లు చెబుతారు. అతను ఒప్పుకుంటాడు, జరిమానా కడతాడు, రసీదు పారేస్తాడు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద అది శిక్ష పడ్డ నేరమే. మొదటిసారికి చట్టం చెప్పే శిక్ష ఆరు నెలల దాకా జైలు, లేదా పదివేల రూపాయల జరిమానా, లేదా రెండూ. ఎప్పుడైనా శిక్ష పడిందా అని ఏ దరఖాస్తు అడిగినా, నిజమైన జవాబు అవుననే. జరిమానా కట్టడం వేరు, శిక్ష పడడం వేరు అన్న అపోహ చాలా గట్టిది. పెద్ద నేరాల్లో వాడే ప్లీ బార్గెయినింగ్ కూడా ఇదే కోవలోది. ఏడేళ్లకు మించని శిక్ష ఉన్న నేరాల్లో, స్త్రీలపై, పిల్లలపై చేసినవి వంటివి మినహాయించి, తప్పు ఒప్పుకుని తక్కువ శిక్షతో బయటపడే ఏర్పాటిది. తొలిసారి నేరం చేసినవాళ్లకు కొత్త సంహిత మరింత తగ్గింపు ఇచ్చింది. జైలు తగ్గుతుంది, నేరస్థుడన్న తీర్పు మాత్రం తగ్గదు.

పోరాడి గెలిచినవాళ్లకు రెండు రకాల విడుదలలున్నాయి. అభియోగాలు మోపడానికే ఆధారం లేకపోతే డిశ్చార్జి. అందుకు అభియోగ పత్రాలు అందిన 60 రోజుల్లో, సెషన్స్ కేసుల్లో కేసు అప్పగించిన 60 రోజుల్లో పిటిషన్ వేసుకోవాలని కొత్త సంహిత గడువు పెట్టింది. విచారణ పూర్తయ్యాక వచ్చేది నిర్దోషి తీర్పు. ఈ తీర్పు రాసే తీరులో ఒక మెలిక ఉంది. ‘సంశయ లాభం కింద విడుదల’ అని రాస్తే, పోలీసు శాఖ వంటి నియామక సంస్థలు దాన్ని గౌరవప్రదమైన విడుదలగా లెక్కగట్టవు. సాక్షులు మాట మార్చడంతో వీగిపోయిన కేసు, ఆరోపణే అబద్ధమని కోర్టు తేల్చిన కేసు ఒకటి కాదని సుప్రీంకోర్టు 2013లో స్పష్టం చేసింది. అందుకే తెలిసిన వకీలు వాదనల దశలోనే, కేసు కల్పితమని తీర్పులో రాయించేందుకు పట్టుబడతాడు.

నేరం రుజువైనవాళ్ల విషయంలో చట్టం కాస్త దయ చూపించేది 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టంలో. చిన్న దొంగతనం, రెండేళ్లలోపు శిక్ష ఉన్న నేరాలు తొలిసారి చేసినవాళ్లను కోర్టు మందలించి వదిలేయవచ్చు. మరణశిక్ష, యావజ్జీవం లేని నేరాల్లో మూడేళ్లకు మించకుండా సత్ప్రవర్తన బాండు రాయించుకుని విడుదల చేయవచ్చు. 21 ఏళ్లలోపు వాళ్లను జైలుకు పంపాలంటే కోర్టు కారణాలు రాయాలి. యావజ్జీవ శిక్ష పడదగిన నేరాలకు మాత్రం ఈ రక్షణ లేదు. అసలు ప్రాణం 12వ సెక్షన్‌లో ఉంది. ప్రొబేషన్ పొందిన వ్యక్తికి ఆ నేరం వల్ల ఇతర చట్టాల కింద వచ్చే అనర్హతలేవీ అంటవు.

అది ఎంతవరకు కాపాడుతుందో ఢిల్లీ పాల పథకంలో పనిచేసిన ఒక గుమాస్తా కథ చూపిస్తుంది. అతను 500 రూపాయల సొమ్ము వాడుకున్నాడు, తిరిగి కట్టేశాడు, కోర్టులో తప్పు ఒప్పుకున్నాడు. మేజిస్ట్రేట్ ప్రొబేషన్ ఇచ్చారు. అయినా ఉద్యోగం ఊడింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1985లో తేలింది. ఉద్యోగంలోంచి తీసేయడం 12వ సెక్షన్ చెప్పే అనర్హత కిందకు రాదు, కాబట్టి శాఖ చర్యను ఆ సెక్షన్ అడ్డుకోలేదని కోర్టు చెప్పింది. ఆ వెంటనే, ఈ తప్పుకు ఈ శిక్ష మరీ ఎక్కువంటూ అతన్ని తిరిగి కొలువులోకి తీసుకోమంది. ప్రొబేషన్‌తో కొత్త ఉద్యోగానికి చట్టపరమైన అడ్డు తొలగుతుంది. ఉన్న ఉద్యోగానికి మాత్రం అది పూర్తి గొడుగు కాదు. విచారణ ముగిసి శిక్ష ఖరారు చేసే రోజున ప్రొబేషన్ అడిగే వకీళ్లు తక్కువ. తొలిసారి దొంగతనం చేసిన వ్యక్తి ఐదువేల లోపు విలువైన సొత్తు తిరిగిచ్చేస్తే జైలుకు బదులు సమాజ సేవ చేయించే ఏర్పాటు భారతీయ న్యాయ సంహితలో ఉంది. అది కూడా శిక్షే.

అప్పీలు సంగతి అందరికీ తెలిసిందే. తెలియనిది, శిక్ష అమలును ఆపడం వేరు, నేర నిర్ధారణను ఆపడం వేరని. బెయిలు మీద బయటికి వచ్చిన మనిషి కాగితం మీద ఇంకా నేరస్థుడే. 2023 మార్చిలో సూరత్ కోర్టు రెండేళ్ల శిక్ష వేయడంతో రాహుల్ గాంధీ లోక్‌సభ సభ్యత్వం పోయింది. బెయిలు వచ్చినా అది తిరిగి రాలేదు. ఆగస్టు 4న సుప్రీంకోర్టు నేర నిర్ధారణపైనే స్టే ఇచ్చాకే తిరిగి వచ్చింది. అలాంటి స్టే అరుదుగా ఇస్తారు, పోయేది తిరిగి రానిదని చూపించాలి. గవర్నరు, రాష్ట్రపతి ఇచ్చే శిక్ష తగ్గింపులోనూ ఇదే తేడా. సత్ప్రవర్తన మీద ముందే విడుదలైన ఖైదీకి జైలు కాలం తగ్గుతుందే గానీ తీర్పు చెరగదని ఒక అస్సాం ఎన్నికల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

నేరం రుజువయ్యాక కూడా రికార్డును నాశనం చేయమని చట్టం నేరుగా చెప్పేది పిల్లల విషయంలోనే. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ ప్రకారం, 18 ఏళ్లలోపు చేసిన నేరం వల్ల ఏ అనర్హతా ఉండదు. అప్పీలు గడువు గానీ, ఏడేళ్లు గానీ దాటాక ఆ కాగితాలు నాశనం చేయాలని 2016 నాటి నియమాలు చెబుతున్నాయి. ముగిసిన కేసు వివరాలను క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం పోలీసులు బయటపెట్టకూడదు. 16 దాటి ఘోర నేరం చేసి, పెద్దవాళ్లలా విచారణ ఎదుర్కొన్నవాళ్లకు మాత్రం ఈ రక్షణ లేదు.

రౌడీ షీటు ఇంకో లోకం. దాన్ని ఏ కోర్టూ తెరవదు. పోలీసు స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం పోలీసులే తెరుస్తారు. పదేపదే శాంతిభద్రతలు చెడగొట్టే నేరాలు చేసేవాళ్లకే అది వర్తించాలి. డిసెంబరు ఆఖరుకు గెజిటెడ్ అధికారి సమీక్షించి కొనసాగించాలో మూసేయాలో రాయాలి. ఈ సమీక్ష మొక్కుబడిగా సాగిన చోట, కేసులన్నీ కొట్టేసిన మనిషి కూడా పండగ ముందు స్టేషన్‌కు వెళ్లి కూర్చోవాల్సి వస్తుంది. ఒక్క కేసు చూపించి తెరిచిన షీట్లను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1990ల నుంచే కొట్టేస్తూ వచ్చింది. ముందు ఎస్పీకో, కమిషనర్‌కో కేసుల తీర్పులు జతచేసి వినతిపత్రం ఇవ్వాలి. జవాబు రాకపోతే హైకోర్టులో రిట్ వేయాలి. 2024 మేలో ఢిల్లీ ఎమ్మెల్యే అమానతుల్లా ఖాన్ కేసులో సుప్రీంకోర్టు, ఇలాంటి షీట్లను పై అధికారి కాలానుగుణంగా సమీక్షించే పద్ధతిని పరిశీలించాలని అన్ని రాష్ట్రాలకూ సూచించింది. వెనకబడిన వర్గాలవాళ్ల పేర్లు యాంత్రికంగా ఎక్కించే అలవాటునూ తప్పుపట్టింది.

వేలిముద్రలు, ఫొటోలు, కంటిపాప గుర్తులను 75 ఏళ్లు భద్రపరచాలని 2022 నాటి క్రిమినల్ ప్రొసీజర్ గుర్తింపు చట్టం అంటోంది. అంటే ఆచరణలో జీవితాంతం. అంతకుముందు శిక్ష పడనివాళ్లు విచారణ లేకుండా గానీ, డిశ్చార్జి, నిర్దోషి తీర్పులతో గానీ బయటపడితే, అప్పీళ్లన్నీ ముగిశాక ఆ గుర్తులు నాశనం చేయాలి. కోర్టు కారణాలు రాసి వద్దంటే తప్ప. తీర్పు నకలుతో స్టేషన్‌కు రాతపూర్వకంగా గుర్తుచేసి, అందినట్టు ముద్ర వేయించుకోవడం మేలు.

ఉద్యోగ దరఖాస్తుల్లో, ముఖ్యంగా పోలీసు నియామకాల అటెస్టేషన్ ఫారంలో, ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా, కేసు నమోదైందా’ అన్న గడి ఉంటుంది. కొట్టేసిన కేసే కదా అని అక్కడ ‘లేదు’ అని రాసినవాళ్లే ఎక్కువగా నష్టపోయారు. 2016లో అవతార్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం సూత్రాలు చెప్పింది. అడిగింది దాచకూడదు. దాచినా, చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి అల్ప విషయమైతే యజమాని చూసీచూడనట్టు పోవచ్చు. నిజం చెప్పినా, అభ్యర్థి తగినవాడా అని చూసే హక్కు యజమానికి ఉంది. అంతకు ఐదేళ్ల ముందు, రాజీతో ముగిసిన కొట్లాట కేసు దాచిన యువకుడిని న్యాయమూర్తి మార్కండేయ కట్జూ ధర్మాసనం క్షమించింది. ఆ తీర్పులో రొట్టె ముక్క దొంగిలించి జీవితాంతం ముద్ర మోసిన జాన్ వాల్జాన్ ప్రస్తావన కూడా ఉంది. విక్టర్ హ్యూగో నవల కానిస్టేబుల్ ఉద్యోగాల కేసుల్లో ఉదాహరణగా నిలవడం మన న్యాయచరిత్రలో ముచ్చటైన విషయమే.

పాస్‌పోర్టు చట్టం ప్రకారం కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తుంటే పాస్‌పోర్టు నిరాకరించవచ్చు. కానీ 1993 ఆగస్టు నాటి నోటిఫికేషన్ ప్రకారం, ఆ కేసు నడిచే కోర్టే విదేశయానానికి అనుమతిస్తే పాస్‌పోర్టు ఇస్తారు. ఉత్తర్వులో కాలం రాయకపోతే అది ఏడాదికే చెల్లుతుంది. కాబట్టి పిటిషన్‌లో కాలాన్ని స్పష్టంగా అడగాలి.

ఇంటర్నెట్‌లో మిగిలే ఆనవాళ్ల మీద చట్టం ఇంకా కుదురుకోలేదు. 2009లో ఇండియాకు వచ్చిన, భారత సంతతికి చెందిన ఒక అమెరికా పౌరుడిపై మాదకద్రవ్యాల కేసు పెట్టారు. 2011లో నిర్దోషిగా తేలాడు, 2013లో హైకోర్టూ దాన్నే సమర్థించింది. అమెరికాలో లా చదివి ఉద్యోగం వెతుక్కుంటే, అతని పేరు కొట్టగానే ఆ తీర్పే పైకి వచ్చేది. 2021లో ఢిల్లీ హైకోర్టు సెర్చ్ ఫలితాల్లోంచి దాన్ని తొలగించమని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఇలాంటి మరో వ్యవహారంలో మద్రాసు హైకోర్టు 2024లో పేరు చెరపమంటే, అదే ఏడాది జులైలో సుప్రీంకోర్టు ఆపేసింది. తీర్పు ప్రజల ఆస్తి, పేరు మనిషి ఆస్తి అన్న రెండు వాదాల మధ్య ఆ ప్రశ్న తేలాల్సి ఉంది.

విదేశాలకు వెళ్లే తెలుగువాళ్లకు మరో చిక్కు ఉంది. అమెరికా వీసా ఫారం, క్షమాభిక్ష దొరికినా సరే, ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా అని అడుగుతుంది. అక్కడే చదువుకుంటూ షాపులో వస్తువు ఎత్తుకుపోయి పట్టుబడ్డ విద్యార్థి, రాష్ట్ర కోర్టులో రికార్డు మూయించుకున్నా, ఇమ్మిగ్రేషన్ చట్టం 1996 నుంచి ఇచ్చే నిర్వచనం ప్రకారం అది శిక్షగానే మిగలవచ్చు. తప్పు ఒప్పుకుని, కోర్టు ఏదో ఒక ఆంక్ష పెడితే చాలు. అందుకే అక్కడ క్రిమినల్ లాయరు బేరం కుదర్చకముందే ఇమ్మిగ్రేషన్ లాయరుతో మాట్లాడతారు. ఇక మన దేశంలో వకీలు ఖర్చు గురించి చెప్పాలంటే, మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, నిర్బంధంలో ఉన్నవాళ్లకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఫోన్ నంబరు 15100.